38 గదుల డంజన్ గీశాను, ఐదో గదికే ప్లేయర్లు విసుగెత్తారు. మ్యాప్‌లో తప్పెక్కడ?

ఉత్తరద్వారం (ఆదివారం, ఉదయం 7:10)

అందరికీ నమస్కారం. మేం ప్రతి శనివారం కూకట్‌పల్లిలో మా ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపించే ఆట. ఐదో ఎడిషన్. నలుగురు ప్లేయర్లు, నేను డీఎం, అంటే ఆట ఆడించేదాన్ని. ఇన్నాళ్ళూ కొన్న అడ్వెంచర్లే (అచ్చులో దొరికే రెడీమేడ్ కథలు) ఆడించాను. ఈసారి మొదటిసారి సొంతంగా ఒక పెద్ద డంజన్ (పాత్రలు వెతుక్కుంటూ తిరిగే నేలమాళిగ) గీశాను: డ్వార్ఫ్‌లు తవ్వి వదిలేసిన గని, మొత్తం 38 గదులు. మూడు వారాలు పట్టింది. డంజన్‌డ్రాఫ్ట్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి గదికీ నేల రాళ్ళు, పీపాలు, సాలెగూళ్ళు, కాగడాల వెలుగు అన్నీ పెట్టాను. టీవీని బల్ల మీద పడుకోబెట్టి దాని మీదే బొమ్మలు నడిపించాం.

నాలుగు గంటల్లో 9 గదులయ్యాయి. దాని గురించి నాకు బాధ లేదు. కానీ ఐదో గది దగ్గర్నుంచి వాళ్ళు "తలుపు తీస్తాం, లోపల ఏముంది?" తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. చివర్లో మా తమ్ముడు "అక్కా, ఇంకా ఎన్ని గదులున్నాయి?" అని అడిగాడు. వాడు మామూలుగానే అడిగాడు, నాకు మాత్రం రాత్రంతా అదే మాట చెవిలో మోగింది.

మ్యాప్ జతచేశాను. మొహమాటం లేకుండా చెప్పండి.

సివిల్‌డ్రాయింగ్ (ఆదివారం, ఉదయం 9:25)

మ్యాప్ చూశానండి. బొమ్మ చాలా బాగుంది, ఆ కష్టం కనబడుతోంది. నేను విజయవాడలో డ్రాఫ్ట్స్‌మన్‌ని, కాబట్టి ముందు రంగులన్నీ పక్కన పెట్టి దారులు మాత్రమే చూశాను. మీరూ ఒకసారి అలా చూడండి.

తెల్ల కాగితం మీద గదికో చుక్క పెట్టండి. రెండు గదుల మధ్య తలుపున్నా, మెట్లున్నా, సొరంగమున్నా ఆ రెండు చుక్కల్నీ ఒక గీతతో కలపండి. ముగ్గు వేసినట్టే. ఇప్పుడు గీతలు లెక్కపెట్టి, అందులోంచి చుక్కల సంఖ్య తీసేసి, ఒకటి కలపండి. వచ్చిన అంకె ఆ డంజన్‌లో ఉన్న లూపుల సంఖ్య, అంటే వెళ్ళిన దారిన కాకుండా ఇంకో దారిన తిరిగి రావడానికి ఉన్న అవకాశాలు.

మీ మ్యాప్‌కి లెక్కేశాను. 38 గదులు, 37 దారులు. సున్నా వచ్చింది. మీ గని మొత్తం ఒక చెట్టు లాంటిది. ఏ కొమ్మ మీదికి ఎక్కినా చివరి దాకా వెళ్ళి, మళ్ళీ అదే కొమ్మ మీంచి దిగి రావాలి. వాళ్ళు "తలుపు తీస్తాం" తప్ప ఇంకేం అనలేదన్నారు కదా, అనడానికి ఆ మ్యాప్‌లో ఇంకేమీ లేదు మరి. ఎటు వెళ్ళాలో వాళ్ళు నిర్ణయించుకునే పనే రాలేదు.

ఏ గదినీ తీసేయక్కర్లేదు. 7 నుంచి 22కి ఒక సొరంగం, 14 పైకప్పు నుంచి 3 నేలకి ఒక చిమ్నీ, 30 నుంచి బయట కొండవాలుకి ఒక బిలం పెట్టండి. బయటిని కూడా ఒక చుక్కగా లెక్కేస్తే 39 చుక్కలు, ఇప్పుడున్న ద్వారంతో కలిపి 41 దారులు, 3 లూపులు. అంతే గదులు, అదే బొమ్మ, కానీ ఆట వేరు.

పాతకందిలి (ఆదివారం, రాత్రి 8:02)

సివిల్‌డ్రాయింగ్ గారు చెప్పిన విషయాన్ని మా పాతకాలపు ఆటగాళ్ళు ఒక మనిషి పేరు మీదే గుర్తుపెట్టుకుంటారు. జెన్నెల్ జాక్వేస్. 1979లో జడ్జెస్ గిల్డ్ అనే చిన్న ప్రచురణ సంస్థకి 'కావెర్న్స్ ఆఫ్ థ్రేసియా' అనే అడ్వెంచర్ రాశారు. లోపలికి ఒకటికి మించిన దారులు, చుట్టి తిరిగొచ్చే నడవాలు, ఒక అంతస్తుని అసలు తాకకుండా దాని కిందికి దిగిపోయే మార్గాలు, అన్నీ అందులో ఉంటాయి. అదే డంజన్‌ని రెండు గుంపులు ఆడితే రెండు వేరే కథలు చెబుతారు. తర్వాత ఆవిడ ఐడీ సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్వేక్ వీడియో గేములకి లెవెల్స్ కూడా గీశారు. 2024 జనవరిలో పోయారు. ఆ రోజు నేను ఆవిడ పాత మ్యాప్‌ని బయటికి తీసి వేలితో దారులు వెతుక్కుంటూ చాలాసేపు కూర్చున్నాను.

నేనుండేది అమెరికాలోని మిల్వాకీలో. ఈ ఆట పుట్టిన లేక్ జెనీవా ఊరు ఇక్కణ్ణుంచి గంట డ్రైవ్. 1974లో దీన్ని తయారుచేసిన గైగాక్స్, ఆర్నెసన్ ఆటని మూడు చిన్న పుస్తకాలుగా అచ్చేసినప్పుడు, ఆడించేవాడు మొదలుపెట్టే ముందే కనీసం అరడజను అంతస్తుల మ్యాప్‌లు గీసి పెట్టుకోవాలని అందులో రాశారు. అప్పట్లో డంజన్ అంటే ఒక రాత్రిలో ముగించే కథ కాదు. వారం వారం వెళ్ళి వచ్చే చోటు. అందుకే దారులు అంత ముఖ్యం.

ఇంకో మాట. మీ డంజన్‌లో కాలం నడవడం లేదు. ఈ ఆట 1981 బేసిక్ రూల్స్‌లో, కథలోని పది నిమిషాలు ఒక టర్ను. ఏ బరువూ మోయని మనిషి చూసుకుంటూ నడిస్తే టర్నుకి 120 అడుగులు. కాగడా ఆరు టర్నులు వెలుగుతుంది. ఆరింటిలో ఒక టర్ను విశ్రాంతి తప్పనిసరి. అంటే ఒక కాగడాకి ఐదు టర్నుల నడక, 600 అడుగులు, పది అడుగుల గడుల్లో 60 గడులు. ఇనుప కవచం వేసుకున్నవాడు పార్టీలో (పాత్రల గుంపులో) ఉంటే అందులో సగం, 30 గడులే. రెండు టర్నులకోసారి డీఎం పాచిక వేస్తాడు, ఆరింట్లో ఒకటి పడితే ఏదో ఒక జీవి ఎదురొస్తుంది. కాగడాకి మూడుసార్లు వేస్తాం కాబట్టి ఒక కాగడా ఆరేలోపు ఏదో ఒకటి ఎదురయ్యే అవకాశం నూటికి 42.

ఈ లెక్క తెలిసిన ప్లేయరు "ఈ గోడ వెతుకుదామా వద్దా?" అని నిజంగా టెన్షన్ పడతాడు. వెతకడానికి ఒక టర్ను ఖర్చు మరి.

గడిపాచిక (ఆదివారం, రాత్రి 9:15)

పాతకందిలి గారూ, ఐదో ఎడిషన్‌లో ఇది అంత సులువుగా పనిచెయ్యదండి. కాగడా అక్కడ కూడా గంటే వెలుగుతుంది, కానీ సగం పార్టీకి డార్క్‌విజన్ (చీకట్లో కనబడే చూపు) ఉంటుంది, మిగతావాళ్ళకి లైట్ అనే క్యాంట్రిప్ (ఎన్నిసార్లైనా వాడగలిగే చిన్న మంత్రం) ఉంటుంది. కాగడాలు లెక్కపెట్టమంటే మా టేబుల్ దగ్గర ఎవరూ పట్టించుకోలేదు. కాలాన్ని వేరేదానితో చూపించాలి. నీళ్ళు పెరగడం, గంట మోగడం, పైన ఎవరో తవ్వుతున్న చప్పుడు దగ్గరవడం, ఇలాంటివి.

లూపుల విషయంలో కూడా కొంచెం ఆగండి. మాది ఆన్‌లైన్ టేబుల్, ఒకరు బెంగళూరు, ఇద్దరు డాలస్. అందరికీ కుదిరేది నెలకోసారి మూడు గంటలు. మాకు ఐదు గదుల డంజన్ చాలు, ఒకదాని తర్వాత ఒకటి వరసగా. కాపలా, చిక్కుముడి, మోసం, పెద్ద పోరు, బహుమతి. నెల తర్వాత మళ్ళీ కూర్చునేసరికి ఏ లూపు ఎక్కడ కలిసిందో ఎవరికీ గుర్తుండదు. వరస దారి తప్పు కాదు. 38 గదుల్ని వరసగా పెట్టడమే తప్పు.

సివిల్‌డ్రాయింగ్ (ఆదివారం, రాత్రి 9:40)

ఒప్పుకుంటాను. ఐదు చుక్కలకి నాలుగు గీతలు, లూపు సున్నా, అయినా మంచి ఆటే. చిన్నదానికి ఊపిరాడుతుంది. పెద్దదానికి ఆడదు.

నాపరాయి (సోమవారం, ఉదయం 6:30)

నాది బెలుం గుహల పక్క ఊరు. గని మ్యాప్ చూడగానే ఒకటి అనిపించింది. ఒక్కో అంతస్తులో గదులన్నీ ఒకే మట్టంలో ఉన్నాయి. భూమి లోపల ఏదీ అలా ఉండదు.

బెలుంలోకి వెళ్ళడమే బావిలోకి దిగినట్టు ఉంటుంది. పక్కపక్కనే మూడు గోతులుంటాయి. నడిమి దాన్లోంచి మెట్లు దిగుతాం. సుమారు 20 మీటర్లు దిగాక గానీ గుహ అడ్డంగా సాగదు. కొలిచినంత వరకు పొడవు 3,229 మీటర్లు, అందులో జనం నడవగలిగేది దాదాపు సగం. అన్నిటికంటే లోతు పాతాళగంగ దగ్గర, 46 మీటర్లు. అక్కడ సన్నటి ఏరు పారుతూ వచ్చి భూమిలోకి మాయమైపోతుంది. చిన్నప్పుడు మా మామయ్య అక్కడ నిలబెట్టి "ఈ నీళ్ళు ఎటు పోతాయో చెప్పు" అన్నాడు. ఇప్పటికీ నేను గీసే ప్రతి డంజన్‌లోనూ అడుగున ఒక ఏరు పోతూ ఉంటుంది. ప్లేయర్లు తప్పకుండా అదే ప్రశ్న అడుగుతారు.

బయట 40 డిగ్రీల ఎండ ఉన్నా లోపలికి వెళ్ళిన కాసేపటికి ఒళ్ళంతా చెమట పట్టి చొక్కా వీపుకి అంటుకుపోతుంది. లోపల ఉక్క అలా ఉంటుంది. గాలి కోసం గొట్టాలు వేశారు. ఒక మలుపు తిరగ్గానే మెడకి చల్లగాలి తగులుతుంది, వెంటనే తల పైకెత్తుతాం. ఇది మ్యాప్‌లో రాసి పెట్టుకోవాల్సిన విషయం: గాలి ఎటు నుంచి వస్తోంది. ప్లేయర్లకి దారి చూపించడానికి ఇంతకంటే మంచి గుర్తు లేదు. సప్తస్వరాల గుహలో రాతి ధారల్ని చేతి కణుపులతో కొడితే లోహం మోగినట్టు మోగుతాయి. ఆ గది నాకు డంజన్ గదిలాగే అనిపిస్తుంది. అక్కడ ఒక గోబ్లిన్ కాపలా కూర్చుంటే ఇంక గంట ఎందుకు?

పెన్సిలుముక్క (సోమవారం, మధ్యాహ్నం 1:05)

చప్పుడు అనగానే గోల్కొండ గుర్తొచ్చింది. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ మీద బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. చిన్నప్పుడు పిక్నిక్‌కి వెళ్ళి ఆ చప్పట్లు కొట్టని హైదరాబాదు పిల్లలుంటారా? బాలాహిస్సార్ ద్వారం ముందు అడ్డంగా ఒక గోడ కూడా ఉంటుంది. ఏనుగులు పరుగెత్తుకొచ్చి తలుపుని గుద్దకుండా, సైన్యం నేరుగా దూసుకురాకుండా. కోట కట్టినవాళ్ళు శత్రువు ఎలా వస్తాడో ఆలోచించి కట్టారు. మన డంజన్‌లో ఉండేవాళ్ళు కూడా అలాగే ఆలోచించి ఉండాలి కదా.

అది చూశాకే నా మ్యాప్‌లో చుక్కల గీత ఒకటి వేయడం మొదలుపెట్టాను. తలుపులకి మామూలు గీత, చప్పుడు వెళ్ళే దారికి చుక్కల గీత. 4లో కత్తులు మోగితే 11లో వినిపిస్తుంది, కానీ పక్కనే ఉన్న 5లో వినిపించదు, మధ్యలో మందమైన రాతి గోడ ఉంది. ఒక్కసారి ఆ గీతలు వేస్తే పోరు జరుగుతున్నప్పుడు మిగతా గదులు వాటంతటవే కదులుతాయి.

నేను ఎక్కువగా ప్లేయర్‌ని. మా టేబుల్ దగ్గర మ్యాప్ గీసేది నేనే. అందుకే ఉత్తరద్వారం గారికి ఒక విన్నపం. ఆ టీవీ తీసేయండి. మ్యాప్ ముందే కనబడుతుంటే మేం చూసే పని మానేస్తాం. గళ్ళ నోటుబుక్కూ పెన్సిలూ మీ తమ్ముడి చేతికివ్వండి. చేత్తో గీస్తున్నప్పుడు ఒకటి జరుగుతుంది. రెండు గదుల మధ్య నాలుగు గడులు ఖాళీగా మిగిలిపోతాయి. అక్కడేదో ఉందని మీరు చెప్పక్కర్లేదు, కాగితమే చెబుతుంది. రహస్యపు తలుపుని పాచికతో కాకుండా అలా కనిపెట్టిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఉత్తరద్వారం (సోమవారం, రాత్రి 10:20)

అందరికీ చాలా థ్యాంక్స్. ముగ్గు లెక్క రెండుసార్లు వేసి చూశాను, నిజంగానే సున్నా. మూడు వారాల పని అలా తేలేసరికి బాధేసింది, కానీ ఇప్పుడు ఏం చెయ్యాలో తెలుసు.

@పెన్సిలుముక్క, ఒకసారి మాటలతో చెప్పి గీయించడానికి ప్రయత్నించాను. "మీ ఎడమవైపు తలుపు" అంటే ఎవరి ఎడమ అని గొడవ. పది నిమిషాల్లో మ్యాప్ అంతా మెలికపడిపోయింది. మీరెలా చేస్తారు?

పెన్సిలుముక్క (సోమవారం, రాత్రి 10:48)

కుడి ఎడమలు వాడకండి. దిక్కులు చెప్పండి. వాస్తు నమ్మినా నమ్మకపోయినా మన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఈశాన్యం, ఆగ్నేయం అంటే వెంటనే తెలుస్తుంది. వంటిల్లు ఏ మూల, బోరు ఏ మూల అని వింటూ పెరిగాం. "ఆగ్నేయం మూల కిందికి మెట్లు" అంటే మా టేబుల్ దగ్గర ఎవరూ రెండోసారి అడగరు.

వరస కూడా ముఖ్యం. మా డీఎం ఇలా చెబుతారు: "దక్షిణం నుంచి లోపలికొచ్చారు, మీ తలుపు గోడకి సరిగ్గా మధ్యలో ఉంది. గది తూర్పు పడమరలు నాలుగు గడులు, ఉత్తర దక్షిణాలు ఆరు. పడమటి గోడకి ఉత్తరం చివర ఇంకో తలుపు. ఈశాన్యం మూల నేల కుంగి ఉంది." ఇక్కడ ఆగుతారు. నా పెన్సిల్ ఆగేదాకా చూస్తారు. అప్పుడు "ఆ కుంగిన చోట ఏదో కదులుతోంది" అంటారు. కదిలేదాన్ని ముందు చెబితే ఆ తర్వాత గోడల గురించి ఎవరూ వినరు, అందరూ ఇనిషియేటివ్‌కి (పోరులో ఎవరి వంతు ముందో తేల్చడానికి) పాచిక తీసేస్తారు.

పాతకందిలి (మంగళవారం, ఉదయం 7:30)

అందుకే ఈ ఆటని మొదట్లో అచ్చేసిన టీఎస్ఆర్ కంపెనీ పాత అడ్వెంచర్లలో మ్యాప్ డీఎం దగ్గరే ఉండేది. విడిగా వచ్చే అట్ట లోపలివైపు లేత నీలం రంగులో అచ్చేసేవారు. ఆ కాలం జిరాక్స్ మెషీన్లకి ఆ నీలం సరిగ్గా అందేది కాదు, కాపీలు తీయకుండా అలా చేశారు. ఆ నీలం అట్టని ప్లేయర్లకి కనబడకుండా అడ్డంగా నిలబెట్టి దాని వెనక కూర్చునేవాళ్ళం. ఇప్పటికీ ఆ రంగు చూస్తే నాకు లోపల ఏదో కదులుతుంది.

గడిపాచిక (మంగళవారం, ఉదయం 11:12)

ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ళ కోసం ఒక మాట. బల్లకి బదులు వాడే రోల్‌20 సైటులో గడికి 70 పిక్సెల్స్, ఫౌండ్రీ అనే సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా 100. మ్యాప్ ఎగుమతి చేసేముందే ఇది చూసుకుంటే గళ్ళు జరిగిపోవు. డంజన్ స్క్రాల్ అనే మ్యాప్ టూల్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, నలుపు తెలుపు మ్యాప్‌కి అది చాలు. రంగుల టైల్స్‌కి పెట్టే టైమ్ ఆ గదిలో ఎవరుంటారో ఆలోచించడానికి పెట్టండి.

సివిల్‌డ్రాయింగ్ (మంగళవారం, రాత్రి 9:05)

నాపరాయి గారు మట్టం గురించి అన్నారు కదా, దానికి మా పనిలోంచి రెండు చిట్కాలు.

మేం ఇంటికి ప్లాన్ ఒక్కటే గీయం, సెక్షన్ కూడా గీస్తాం. ఇంటిని కత్తితో నిలువునా కోసి పక్క నుంచి చూసినట్టు. డంజన్‌కి కూడా ముందు సెక్షన్ గీయండి. నేల ఎక్కడ, నీటిమట్టం ఎక్కడ, ఏ గది ఏ గది మీద కూర్చుంది. ఐదు నిమిషాల పని. పై గది నేల కూలితే కిందెవరి నెత్తిన పడుతుందో అప్పుడే తెలుస్తుంది.

రెండోది. అంతస్తుల్ని ట్రేసింగ్ పేపర్ మీద గీయండి. పై అంతస్తు కాగితాన్ని కింది దాని మీద పెట్టి మెట్లు సరిగ్గా మెట్ల మీద పడ్డాయో లేదో చూసుకోండి. మీ మ్యాప్‌లో 19 దగ్గర మెట్లు కింది అంతస్తులో గోడ మధ్యలో దిగుతున్నాయి. పెన్సిలుముక్క గారి లాంటి మ్యాపర్ ఉంటే ఆ రోజే పట్టుకునేవారు.

గీత విషయానికొస్తే, గోడలకి 0.5 పెన్ను, గోడ బయట రాయిని చూపించే చిన్న గీతలకి 0.1. మూడేసి పొట్టి గీతలు ఒక కట్టలాగా, పక్క కట్ట దానికి అడ్డంగా. డైసన్ లోగోస్ అనే ఆయన గీసే డంజన్ మ్యాప్‌లు చూస్తే తెలుస్తుంది, ఆ పద్ధతిని ఇంతమందికి నేర్పింది ఆయనే. ఎడమ నుంచి కుడికి వేసుకుంటూ రండి, ఇంకు చేతికి అంటదు. ఒక ఏ4 కాగితంలో 5 మిల్లీమీటర్ల గళ్ళు 42 అడ్డం, 59 నిలువు. గడికి పది అడుగులైతే 420 అడుగులు, 590 అడుగులు. ఒక రాత్రి ఆటకి చాలా ఎక్కువ. 38 గదులు వద్దు. పన్నెండు గీయండి.

ఉత్తరద్వారం (మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 8:15)

ఆడామండీ.

గని పక్కన పెట్టేశాను. పాడుబడ్డ కోట కింద దిగుడుబావి ఒకటి గీశాను, చేత్తో. 12 గదులు, 15 దారులు, లూపులు నాలుగు. ముందు సెక్షన్ గీశాను, నీటిమట్టం అడుగు గదుల సగం దాకా. లోపలికి మూడు దారులు: బావి మెట్లు, ఏతం గొయ్యి, కోట వంటశాల వెనక కాలువ. ఆటలో గంట గడిచినప్పుడల్లా నీళ్ళు ఒక మెట్టు పైకి వస్తాయి. ఏడో గదిలో ఇత్తడి బిందెలు వేలాడదీసి ఉంటాయి, ఏది తగిలినా రెండో గదిలోనూ పదో గదిలోనూ వినిపిస్తుంది. చుక్కల గీతలు వేసుకున్నాను.

టీవీ ఆపేశాను. తమ్ముడికి గళ్ళ పుస్తకం ఇచ్చాను. దిక్కులు మాత్రమే చెప్పాను.

మొదటి అరగంట బావి ఒడ్డునే గడిపారు. ఎటు నుంచి దిగాలని వాదన! ఒకరేమో కాలువ అంటారు, ఇంకొకరు తాడు కట్టి ఏతం గొయ్యిలోకి దిగుదామంటారు. నేనేమీ మాట్లాడకుండా కూర్చున్నాను. చివరికి కాలువలోంచి వచ్చారు. బిందెల గదిలో రోగ్ (దొంగ పాత్ర) కాలు జారింది. పదో గదిలోని కోబోల్డులు (చిన్న బల్లి లాంటి జీవులు) వెనక నుంచి చుట్టి వస్తున్నాయని నాకు తెలుసు. వాళ్ళకి తెలియదు. అడుగుల చప్పుడు వినబడగానే తమ్ముడు పుస్తకం తిప్పి చూసి, "ఆగండి, ఈ నడవా ఆరో గదిలోనే కలవాలి, మనం అక్కడికి ముందే చేరుకుంటాం" అన్నాడు. నిజంగానే చేరుకున్నారు. ఎదురు చూసి మరీ పట్టుకున్నారు.

నాలుగు గంటల్లో 7 గదులు చూశారు. మొన్నటికంటే రెండు తక్కువ. ఎవరూ ఇంకెన్ని ఉన్నాయని అడగలేదు.

నాపరాయి (ఆదివారం, ఉదయం 9:00)

చదువుతుంటేనే సంతోషంగా ఉంది. నీళ్ళు ఎటు పోతాయని అడిగారా?

పెన్సిలుముక్క (ఆదివారం, ఉదయం 9:20)

తమ్ముడు గీసిన మ్యాప్ ఫోటో పెట్టండి. మీరు గీసింది కాదు, వాడు గీసింది.

ఉత్తరద్వారం (ఆదివారం, ఉదయం 10:05)

@నాపరాయి, అడిగారు. రెండుసార్లు.

ఫోటో జతచేశాను. రెండు చోట్ల కొలత ఒక గడి తప్పింది, మిగతాదంతా నా మ్యాప్‌కి సరిపోయింది. నైరుతి మూల చూడండి, 5కీ 8కీ మధ్య మూడు గడులు ఖాళీగా ఉంటే పెన్సిల్‌తో చుట్టూ గీసి ప్రశ్నార్థకం పెట్టాడు. వచ్చే వారం ముందు ఆ గోడే వెతుకుతారట.

నేను అక్కడ ఏ గదీ పెట్టలేదు. శనివారంలోపు గీస్తాను.